హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడు

"మీ బావది యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్, తలుపు గడియపెట్టి.

దుబాసీ కూర్చున్నవాడల్లా లేచాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే. అనువాదకుడి వేషంలో అతను దూరని మీటింగ్ లేదు. బావంటే చెల్లెలి మొగుడు, కరెంటు బోర్డులో టెస్టింగ్ ఇంజనీరు.

"విదేశీ కంపెనీ మనకి అంటగట్టబోయే కంట్రోల్ మెషీన్లలో ఒక రహస్య స్విచ్ ఉంది. వాళ్లు అక్కడ నొక్కితే ఇక్కడ దేశమంతా చీకటే. అది కనిపెట్టినందుకే మీ బావని లేపేశారు. ఆ మెషీన్లే కొనమని పరిశ్రమల ఫెడరేషన్ సిఫారసు. రేపు వాళ్ల సభలోనే మంత్రి సంతకం."

"మంత్రికి చెప్పేస్తే పోదా సార్?"

"ఆయన ఎన్నికల ఖర్చు పెట్టింది ఫెడరేషనేనయ్యా! రుజువు లేకుండా నోరెత్తితే ముందు మన కుర్చీలు లేస్తాయి. ఇదిగో, మీ బావ దాచిన చిప్. ఇంకో కాపీ లేదు. ఫెడరేషన్ సలహాదారు, ముత్యాల దండ వేసుకునే ఆవిడ, మన మనిషే. మంత్రి పక్కకి వెళ్లగలిగేది ఆవిడొక్కతే."

మర్నాడు, సభ వెనక ఉన్న అనువాదకుల గాజు బూత్‌లోకి సెంటు వాసన ముందొచ్చింది, ముత్యాలావిడ తర్వాతొచ్చింది.

"ఏసీ ఎక్కువైంది కదూ?" కోడ్ సరిపోయింది. దుబాసీ చిప్ ఇచ్చాడు.

ఆవిడ దాన్ని కింద పడేసి హై హీల్‌తో నలిపింది. "పాపం, మీ బావగారూ ఇలాగే తొందరపడ్డారు." బయట తాళం పడింది.

అద్దాలు బాదాడు. చప్పుడు బయటికి పోని గది. ఒక్కడూ తిరగలేదు. మిగిలింది మైకు.

"మంత్రిగారూ, సంతకం పెట్టకండి! ఆ మెషీన్లు మన మెడకి ఉరితాళ్లు!"

మంత్రి హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. సభ్యులవి బిస్కెట్ల పక్కన పడున్నాయి. ఫెడరేషన్ అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని సభంతా కొట్టింది. మంత్రి పెన్ను మూత తీశాడు.

దుబాసీ సభలో ఒక్కో వరసా వెతికాడు. అప్పుడు చూశాడు: హెడ్‌ఫోన్లు పెట్టుకుని శ్రద్ధగా వింటున్నవాడు ఒక్కడున్నాడు. కంపెనీ దొర! కాగితాలు మన భాషలో ఉన్నాయి. దొరకి అందులో ఒక్క ముక్క రాదు.

"మన విదేశీ మిత్రులకు కృతజ్ఞతలు..." అంటున్నాడు అధ్యక్షుడు.

దుబాసీ దొర చానల్ నొక్కి, దొర భాషలో, తాపీగా అనువదించాడు: "మిమ్మల్ని ఇన్నాళ్లూ మా చుట్టూ తిప్పుకున్నందుకు మన్నించండి. ఈ కాంట్రాక్టు మీ పోటీ కంపెనీకి ఇచ్చేస్తున్నాం."

పెన్ను కాగితాన్ని తాకింది. దొర ఒక్క గెంతులో వేదికెక్కి, కాగితాలు లాక్కుని పర్రున చింపేశాడు.

అధ్యక్షుడికేమీ అర్థంకాక, అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు. సభ అందుకుంది.

సాయంత్రం, బూత్ తాళం తీయించి దుబాసీని తీసుకొచ్చాక, చీఫ్ టీ తెప్పించాడు. "ఇవాళ్టికి గండం గడిచింది. ఫెడరేషన్ రాజీ కమిటీ వేసింది. వచ్చే నెల కొత్త కాగితాలట. కమిటీకి అధ్యక్షురాలు ముత్యాలావిడ."

"చెల్లెలికి ఏం చెప్పమంటారు సార్?"

చీఫ్ టీ కప్పులోకి చూశాడు. "మీ బావకి ఫెడరేషన్ సంతాప తీర్మానం పెట్టింది."

"ఊఁ?"

"చప్పట్లతో ఆమోదించారు."