చప్పుడు లేని ఇల్లు

అలారం మోగింది... పిల్ల పడిపోయింది! పరీక్ష రోజు కదా, పెందలాడే లేపాలని కోడలు ముందురోజే ఆ గడియారం కొనుక్కొచ్చి, అత్తగారి కంట పడకుండా కూతురి తలగడ పక్కన పెట్టింది. అది గణగణమనగానే పద్నాలుగేళ్ళ పిచ్చుక (వాగుడెక్కువని ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తారు) ఉలిక్కిపడి లేచి, రెండడుగులు వేసి నిలువునా కూలిపోయింది. కళ్ళు తేలేసింది... పెదవులు నీలమైపోయాయి... "లేవవే తల్లీ! ఒక్కసారి నన్ను చూడవే!" అని కోడలు గుండెలు బాదుకుంది. నిమిషం తర్వాత పిల్ల తనంతట తానే కళ్ళు తెరిచి, "ఏంటమ్మా, ఎందుకేడుస్తున్నావ్?" అంది.

ఆ ఇంట్లో చప్పుడు పనికిరాదు. అది అత్తగారి శాసనం! కాలింగ్ బెల్ తీగ తెంపించేసింది. కోడలి కుట్టుమిషను కింద నాలుగు మడతల దుప్పటి పరిపించింది. పిల్లను కేకేసి లేపకూడదట, పక్కన కూర్చుని పాదాలు నిమరాలట! ఎందుకని అడిగితే, "నా చాదస్తం నాది" అని మూతి ముడుచుకునేది. కోడలు మాత్రం ఎన్నాళ్ళని భరిస్తుంది పాపం? పద్నాలుగేళ్ళు పళ్ళబిగువున ఓర్చుకుని, చివరికి ఆ గడియారం కొన్నది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఈసీజీ కాగితాన్ని రెండుసార్లు చూసి పెదవి విరిచింది.

"ఇది అటూ ఇటూ కాకుండా ఉంది. మీ ఇళ్ళల్లో చిన్నవయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి. ఇది గుండెకు సంబంధించిందైతే, మళ్ళీ పడినప్పుడు లేవకపోవచ్చు."

"ఎవరూ లేరండీ," అన్నాడు భర్త. "చెల్లెలొకతి ఉండేది, విషజ్వరంతో పోయింది. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

"జ్వరం కాదురా నాన్నా... జ్వరం కాదు! పదహారేళ్ళ పిల్ల, హాయిగా నిద్రపోతోంది. తెల్లవారుజామున టెలిఫోన్ మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చుని 'అమ్మా' అంది... అంతే! గుండెజబ్బుల ఇల్లని పేరు పడితే నీకు పిల్లనెవరిస్తారని మీ నాన్నా నేనూ జ్వరమని చెప్పేశాం. నీకూ అదే చెప్పాం. ఇది పుట్టిన రోజు నుంచీ ఏ చప్పుడు దీని ప్రాణం మీదికి తెస్తుందోనని నేను..."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యా! ఆ ఒక్క మాట నాకు చెప్పి ఉంటే ఆ గడియారం కొనేదాన్నా? నా చేతులారా నా బిడ్డను..."

"ఆగండమ్మా!" అంది డాక్టరమ్మ. "పెద్దావిడ ఇప్పటికైనా చెప్పారు, అదే పదివేలు. గుండెను నడిపించే కరెంటులో పుట్టుకతో వచ్చే లోపం ఇది. ఉలికిపాటుకు లయ తప్పుతుంది. మిగతా పరీక్షలు చేసి ఖాయం చేసుకుందాం. రోజూ మాత్ర వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. నన్నడగకుండా వేరే మందు ఇవ్వొద్దు. మీరందరూ కూడా పరీక్ష చేయించుకోవాలి. జాగ్రత్తగా చూసుకుంటే పిల్ల చదువూ ఉద్యోగమూ అన్నీ చక్కగా సాగుతాయి." అని అత్తగారి వైపు తిరిగింది. "చప్పుడు చేసి లేపకూడదని మీకెవరు చెప్పారండీ? నేను రాసివ్వబోయే జాగ్రత్తల్లో అదీ ఒకటి."

"ఎవరు చెబుతారమ్మా... నా కూతురే చెప్పి పోయింది."

కోడలికి అప్పుడర్థమైంది. ఊరంతా నవ్వుతున్నా, తాను విసుక్కుంటున్నా, ఆ ముసలి ప్రాణం ఒంటరిగా కాపలా కాసిందన్నమాట! వెళ్ళి అత్తగారి పక్కన నేల మీదే కూర్చుంది.

"మీరు దాచడం తప్పే అత్తయ్యా. నేను కాదనను. కానీ ఇన్నాళ్ళూ నా బిడ్డను నాకు దక్కించింది కూడా మీరే!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కరువుతీరా ఏడ్చారు.

నాలుగోరోజుకు పరీక్షలన్నీ అయ్యాయి. అనుమానం నిజమే. తండ్రికీ అదే లోపం ఉందని తేలి ఆయనకూ మాత్రలు మొదలయ్యాయి. ముందే తెలిసింది, ఇద్దరూ బతికిపోయారు! మర్నాడు పిల్లను ఇంటికి పంపిస్తామన్నారు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిచ్చుక, "నానమ్మా, అత్త ఎలా ఉండేది?" అని అడిగేసింది.

అత్తగారు తడబడింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆవిడ అడగనివ్వనూ లేదు.

"ఎలా ఉండేదా? మహా గడుసుది! పాలు తాగమంటే పిల్లికి పోసేసి, మూతికి నురగ పూసుకుని వచ్చేది..." అంటూనే ఫక్కున నవ్వేసింది. ఇక ఆగలేదు... ఒకదాని మీద ఒకటి, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

నర్సు తలుపు తీసింది. "టైమైపోయింది, ఇక బయటికి రావాలండీ."

"ఒక్క పది నిమిషాలు ఆగు చెల్లీ," అంది కోడలు బతిమాలుతూ. "మా ఆడపడుచు కబుర్లు వింటున్నాం."