పొట్టి తలుపు చప్పుడు

మా ఊరు అరిత్సుబేలో చర్చి ఉత్తరపు గోడకి ఒక పొట్టి తలుపు ఉండేది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. వెళ్తే... లోపలినుంచి ఎవరో తట్టిన చప్పుడు.

నానమ్మ చెప్పిందే చెబుతున్నాను. ఆవిడకి వాళ్ళ నానమ్మ చెప్పిందట.

ఊరివాళ్ళు శిల్పాలున్న పెద్ద తలుపులోంచి వెళ్ళేవాళ్ళు. ఊరు అంటరానివాళ్ళుగా చూసే అగోతులు మాత్రం నడుం వంచి ఈ పొట్టి తలుపులోంచే దూరాలి. వాళ్ళ పాదం పడితే గడ్డి మాడిపోతుందనేవాళ్ళు. చర్చి పైకప్పు దూలాలన్నీ చెక్కింది వాళ్ళే. అయినా పెద్ద తలుపుని ముట్టుకోకూడదు.

అగోతుల వడ్రంగి పెట్రి దూలం బాగుచేస్తూ పైనుంచి పడి, లోపలే చచ్చిపోయాడు. ఆ వారంనుంచే చప్పుళ్ళని పుకారు.

మా చర్చి నేలమీద ప్రతి ఇంటికీ ఒక బండ ఉంటుంది. పోయినవాళ్ళకి దారి కనబడాలని ఆ ఇంటి ఆడది అక్కడ చెక్కకి చుట్టిన మైనపు వత్తి వెలిగిస్తుంది. అగోతులకి బండ లేదు. పెట్రి పెళ్ళాం గ్రాషి వెళ్ళి, చర్చి తాళాలు చూసే కట్టలిన్ కాళ్ళమీద పడింది.

"ఒక్క వత్తమ్మా... చీకట్లో తడుముకుంటున్నాడు. రోజూ కల్లోకొస్తున్నాడు."

"పట్టపగలు వెలుగులోనే కిందపడ్డాడుగా! ఇప్పుడు దీపమెందుకే వాడికి?" అని నవ్విందట కట్టలిన్.

ఆ సాయంత్రం ప్రార్థన కాగానే కట్టలిన్ పెద్ద తలుపుకి లోపల గడియ పెట్టింది. గంటగోపురం వైపునుంచి బయటికొచ్చి అక్కడా, పొట్టి తలుపుకీ తాళాలు వేసింది. రాత్రికి మంచు ముంచెత్తింది. ఏటవతల అగోతుల పేటకి దారే లేదు.

గొర్రెలు కాసే బెన్యాట్ ఆపిల్ కల్లు తాగి అటుగా వస్తున్నాడు...

తట్... తట్...

పొట్టి తలుపు వెనక గుసగుస— "తియ్యండి..."

ఆడగొంతో మగగొంతో తెలియలేదు. పరిగెత్తి కట్టలిన్ ఇంటి తలుపు బాదాడు.

"పిన్నీ! పెట్రి... తలుపు కొడుతున్నాడు!"

"కొట్టనీరా. ఆదివారందాకా తాళం తీసేది లేదు. నీ నోరు కంపు కొడుతోంది, పోయి పడుకో."

మర్నాడు రాత్రి కుర్రాళ్ళు పందెం కట్టి మరీ వెళ్ళారు. చప్పుడు నీరసంగా వచ్చింది.

"ఏం పెట్రీ, చలేస్తోందా?" అన్నాడొకడు.

లోపల ఏదో గీకింది... అందరూ ఒకటే పరుగు.

ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. దెయ్యం తమకి జడిసిందని కుర్రాళ్ళు ఇంకో కుండ కల్లు తాగారు.

ఆదివారం కట్టలిన్ తాళం తీసి పొట్టి తలుపు లాగింది—

తలుపుకి ఆనుకున్న మనిషి ఒరిగి ఆమె కాళ్ళమీద పడింది. గ్రాషి! కొయ్యబారిపోయి ఉంది. వేళ్ళకి గోళ్ళు లేవు. ప్రార్థన తర్వాత లోపలే దాక్కున్నట్టుంది. పెట్రి పడినచోట మైనమంతా కాలిపోయి, వత్తి చుట్టిన చెక్క నల్లబడి ఉంది.

బెన్యాట్ ఆమెని దాటుకుంటూ లోపలికి నడిచాడు. పెద్ద తలుపు గడియ... పెట్టింది పెట్టినట్టే ఉంది. వేలితో ఎత్తాడు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఊరు.

"ఈ గడియ తీసి బయటికి రావచ్చుగా, పిచ్చిది..."

"తీసుంటే చేతులు నరికేవాళ్ళం కదరా," అంది కట్టలిన్.

పొట్టి తలుపుని తర్వాత రాళ్ళతో మూసేశారు. అయినా మంచు రాత్రుల్లో ఆ గోడలోంచి చప్పుడు వస్తూనే ఉంది. నేనూ విన్నాను.

పెద్ద తలుపునుంచి మాత్రం... ఎప్పుడూ రాలేదు.