సక్సెస్‌కు పంచిన చక్కెర

పీట మీద శివకుమారి అరచేయి తప తపమని ఆడుతోంది. జొన్నపిండి ముద్ద ఆ చేతి కింద గుండ్రంగా తిరుగుతూ పలచబడుతోంది. అంచు చీలబోయినప్పుడల్లా తడి వేలితో అద్ది, మళ్లీ తిప్పుతోంది. నెత్తి మీద మట్టి మిద్దెపై ఆమె మొగుడు హనుమేష్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను అడుగు వేసినప్పుడల్లా పైనుంచి సన్నగా మట్టి రాలుతోంది. ఆమె పిండి గిన్నె మీద పళ్లెం బోర్లించింది.

"ఏమ్మే, ఇంగా పెండింగేనంటనా?" అడిగింది అత్త నాగక్క, వాకిట్లో కందులు ఏరుతూ.

"నాకేం తెలుసత్తా? దిగినాక నువ్వే అడుగు."

"అడిగితే మింద పడి కరుస్తాండాడు. నిన్నయితే చెట్నీలో ఉప్పు లేదని గూడా అనలే. ఉత్త రొట్టె తిని పాయ."

అది శివకుమారి కూడా చూసింది. ఆ ఇంట్లో ఆమె మాటలాడేది తక్కువ, చూసేది ఎక్కువ.

పోయిన ఏడు గుంటూరు వైపు మిరపకాయల కోతకు ముగ్గురూ పోయి, గుడిసెల్లో పడుకుని, చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూడబెట్టిన దుడ్లు అవి. ఈ ఏడు సొంతూరు కోసిగి విడిచి పోకూడదు, ఒక ఎనుమును కొని పాలు పోసుకుని బతకాలి అనుకున్నారు. అంతలో హనుమేష్ ఫోన్‌లో ఒక గ్రూపులో చేరాడు. అందులో ఒకాయన్ని అందరూ సార్ అంటారు. ఆయన మాట మీద హనుమేష్ ఆ దుడ్లతో ఫోన్‌లోనే క్రిప్టో కాయిన్లు కొన్నాడు. తర్వాత, "నీ పేరు మీద లాకరు తెరిచినాము, ఈ నంబరుకు పంపు, రెండింతలు అయితాయి" అని సార్ అంటే వాటిని ఆ నంబరుకు పంపాడు. ఆ రోజు నుంచి సార్ ఇచ్చిన యాప్‌లో ఒకటే మాట, పెండింగ్. రోజూ పొద్దున్నే మిద్దె ఎక్కి చూసుకుంటాడు. రోజూ అదే మాట.

నిన్న సార్ ఇంకో మాట చెప్పాడు. ఇంకొక మనిషిని చేర్పిస్తే లాకరు తెరుచుకుంటుందట. హనుమేష్ రాత్రే పక్కింటి సోమక్కను అడిగితే, ఆలోచించి చెప్తానంది. పోయిన వానకు ఆమె మిద్దె కూలింది. రేకులు వేయించుకోవాలని దాచుకున్న దుడ్లు బ్యాంకులో ఉన్నాయి. పైన టార్పాలిన్ పట్ట కప్పుకుని అందులోనే ఉంటోంది.

కిటికీ గూట్లో శివకుమారి ఫోన్ టింగుమంది. ఇంట్లో సిగ్నల్ అందేది ఆ గూట్లోనే. పిండి చేత్తోనే అందుకుంది. బడిలో ఆమెతో కలిసి చదివిన కృపమణి ఇప్పుడు ఆదోనిలో నెట్ సెంటర్‌లో పని చేస్తోంది. మొగుడు కాయిన్లు పంపినప్పుడు వచ్చిన పొడుగాటి నంబరును శివకుమారి రాత్రి ఆమెకు పంపింది. కాయిన్లు ఎటు పోయాయో ఎవరైనా చూసుకునే పేజీ ఒకటుందట. కృపమణి దాన్నే పంపింది. అంతా ఇంగ్లీషు. పైన ఆకుపచ్చ గడిలో ఒక మాట ఉంది. శివకుమారి కూడబలుక్కుని పైకే చదివింది.

"స... సక్సెస్."

వాకిట్లో చేట కింద పడింది. "ఏమన్నావు? సక్సెస్సా?"

"ఉండత్తా, ఇంగా చూడల్ల..."

నాగక్క ఎక్కడ ఆగుతుంది? సక్సెస్ అంటే ఆమెకు తెలుసు. ఎలక్షన్లో గెలిచినవాళ్లు అనే మాట, బోరులో నీళ్లు పడితే బండివాళ్లు అనే మాట. దుడ్లు చేతికొస్తే పీర్లసామి ముందు చక్కెర మీద ఫాతెహా చదివించి పంచుతానని మొక్కుకుంది. పైగా ఆ రోజు సామికి ఇష్టమైన బేస్తవారం. అటక మీది చక్కెర డబ్బా తీసి, కొంగు నెత్తిన కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పీర్ల చావిడి వైపు పరిగెత్తింది.

శివకుమారి కృపమణికి ఫోన్ చేసింది.

"సక్సెస్ అని ఉండాది మణీ. అంటే వచ్చినట్లేనా?"

"కుమారీ, సక్సెస్ అంటే పోవాల్సిన చోటికి చేరిపోయిందని. ఎవరికి చేరిందో కింద చూడు. అది మీ లాకరు కాదే. ఎవరిదో. చేరిన కాసేపటికే వాడు ఇంకో చోటికి తోలేసినాడు. అదీ సక్సెసే."

"మరి ఆ యాప్‌లో పెండింగ్ అంటాండాది?"

"ఆ యాప్ వాడిదే కదా. వాడికి ఏం రాయల్లనిపిస్తే అది రాస్తాడు. సైబర్ పోలీసులకు చెప్పండి. చెప్పినా తిరిగొస్తాయని నేను చెప్పలేను. ఇంగ మాత్రం ఒక్క రూపాయి గూడా పంపనీవద్దు."

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. శివకుమారి దాన్ని తీసి పక్కన పెట్టింది. పొయ్యి ఆర్పేసింది.

హనుమేష్ దిగివచ్చేసరికి నాగక్క కూడా తిరిగి వచ్చింది. చేతిలో డబ్బా దాదాపు ఖాళీ. మొహం మాత్రం నిండుగా ఉంది.

"నోరు తెరువురా! సామి చక్కెర. వీధంతా పంచినా. పెద్ద ఈరన్నయితే, నీ కొడుకు మొనగాడు నాగక్కా అన్యాడు. సోమక్క కండ్లకద్దుకుని తినింది. ఆటోను పిలిచింది, ఇప్పుడే బ్యాంకుకు పోతాదంట."

ఆమె కొడుకు నోట్లో చక్కెర పోసింది. హనుమేష్ మింగకుండా పెండ్లాం వైపు చూశాడు. శివకుమారి మాడిన రొట్టె మీద నల్లటి పెళ్లలు గీకుతోంది.

"సక్సెస్ అంటే మనకు రావడం కాదు మామా. వానికి చేరడం," అంది నిమ్మళంగా. "కృపమణి చూసి చెప్పింది. మన కాయిన్లు పోయినాయి."

"పోయినాయా?" నాగక్క డబ్బా కింద పెట్టింది. "ఇప్పుడే వచ్చినాయంటివి కదే!"

"నేను చదివినానత్తా. వచ్చినాయని నువ్వన్నావు."

హనుమేష్ గొంతు లేచింది. "నిన్నెవరు చూడమన్యారు? ఆదోనిలో కూర్చున్న దానికి సార్ సంగతి ఏం తెలుసు? సోమక్క చేరితే మనది తెరుచుకుంటాది. సాయంత్రం దాకా నోరు మూసుకోని ఉండు."

"ఉండను."

ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట ఎవరూ వినలేదు. హనుమేష్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏమన్నావు?"

"ఉండనంటాండా. కొట్టినా ఉండను. సోమక్క ఆటో ఎక్కకముందే పోయి చెప్తా."

నాగక్క లేచి గడప మీద అడ్డంగా కూర్చుంది, కాళ్లు రెండూ వాకిట్లోకి చాపి. "పో, యాడికి పోతావో చూస్తా. సామి పేరు మీద చక్కెర పంచినానే! ఇప్పుడు అబద్ధమని చెప్తే నా మొగం యాడ పెట్టుకోవాల?"

"సామి చక్కెర తిన్న నోటితో నిజం చెప్పల్లత్తా. నువ్వు పంచినందుకే ఆమె నమ్మింది. నువ్వు పంచకుంటే ఇంగా రెండు దినాలు ఆలోచిస్తా ఉండేది."

"నా మిందికే తెస్తాండావా?"

"అందరి మిందికీ. నా మిందికి గూడా. నేను పైకి చదవకుంటే నువ్వు పరిగెత్తవు కదా." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతకుముందు ఫోన్ తలాపున పెట్టుకోని పండుకుంటాంటివి. నాలుగు దినాలాయ, బోర్లించి పెడతాండావు. తిండి మింద ధ్యాస లేదు. ఆ సార్‌కు నువ్వు ఫోన్ చేస్తే ఎత్తడు. నిజమా కాదా?"

హనుమేష్ గోడకు ఆనుకున్నాడు. నోట్లో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"ఎత్తడు," అన్నాడు చివరికి. "మెసేజ్ పెడతాడు. మనిషిని తెచ్చినావా అని. అంతే. నూటికి ఒక్క పాలు నిజమైతే కుమారీ? మళ్ల ఆ మిరపతోటలకు పోవల్లనా? ఆ గుడిసెల్లోకి? ఎనుమును తెస్తానంటి కదా నీకు..."

శివకుమారి కండ్లు నిండాయి. తుడుచుకుంటే చెంపకు పిండి అంటింది. అయినా మాట తగ్గించలేదు.

"పోతాం. పోయినేడు పోలేదా? చేతులుండాయి. ఆ తోటలో నీకు జ్వరమొచ్చి పండుకుంటే నీ సాలు కోసిందెవరు? మేస్త్రి నీ కూలి కోయకుండా తన మూటలో కాయలు తీసి నీ మూటలో పోసిందెవరు? సోమక్క కాదా? ఆమె పట్ట కింద తడుస్తాండాది. మనం పడిన గుంతలోకి ఆమెను తోసి, ఆమె భుజాల మింద కాలు పెట్టి నువ్వు పైకొస్తే, ఆ ఎనుము పాలు నాకొద్దు. నేను తాగను. పితకను గూడా."

బయట ఆటో హారన్ మోగింది. పక్కింటి తలుపు గొళ్లెం పడిన చప్పుడైంది. తర్వాత సోమక్క గొంతు, గోడ అవతల నుంచి ఉత్సాహంగా:

"హనుమేషా! పోయొస్తాండా నాయనా! పుస్తకం ఉండాది, ఆధార్ ఉండాది. ఇంగేమన్నా తేవల్లనా?"

గోడ మీంచి అరిచి చెప్పే మాట కాదది. నాగక్క కొడుకు వైపు చూసింది. హనుమేష్ నేల చూస్తున్నాడు. హారన్ మళ్లీ మోగింది. శివకుమారి చేతుల పిండి దులుపుకుని గడప దాకా వచ్చింది.

"లేత్తా," అంది. "లేకుంటే నిన్ను దాటుకోనే పోతా."

"దాటు చూద్దాం," అంది నాగక్క. కానీ కళ్ల నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. "యాడాది కష్టమే... నా చేతుల మంట ఇంగా పోలేదే తల్లీ..."

శివకుమారి ఆమె పక్కనే వంగి, ఆ చేతిని పట్టుకుంది. మిరప ఘాటుకు తోలు లేచిపోయి మళ్లీ వచ్చిన చేయి, తన చేతిలాంటిదే. అత్త విదిలించుకోలేదు. బయట ఆటో ఇంజన్ స్టార్ట్ అయింది.

వెనుక చప్పుడైంది. హనుమేష్ జేబులోంచి ఫోన్ తీసి రొట్టెల పీట మీద పెట్టాడు, బోర్లించకుండా. తెర మీద ఇంకా పెండింగ్ అనే ఉంది. తలగుడ్డ తీసి మొహం ఒకసారి గట్టిగా తుడుచుకున్నాడు. గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

నాగక్క తలెత్తి కొడుకును చూసింది. చాపిన కాళ్లు మెల్లగా ముడుచుకుంది.

హనుమేష్ తల్లినీ పెండ్లాన్నీ దాటుకుని, కదలబోతున్న ఆ ఆటో వైపు, ఆపమని చెయ్యి ఊపుతూ వెళ్లాడు.