కాసేపటి తూకం

“దిగిపోతన్నాను, ఒక్క చిటికె” అంది పడమటి తాడు మీది గొంతు.

నూకరత్నం చెవిబూరను ఇంకాస్త గట్టిగా అదుముకుంది. ఆ గొంతులో చిటికె అంత తొందరేమీ లేదు. నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినవాడి తాపీ ఉంది. వెనకాల సంచిలోకి నీళ్ళు చేరుతున్న సన్నని చప్పుడు ఉంది. ఆమె తీగ మీది పూసను జరిపి సగం ఉడుకు దగ్గర ఆపింది. ఆపాక, ఎందుకైనా మంచిదని, గోటితో కొంచెం వెనక్కి నెట్టింది.

ఎదుటి పలక మీద ‘సూన్’ అన్న గడి వెలిగి ఆరింది. తూకం యంత్రం ఒప్పుకుంది. ఇక ఆ పూస చెప్పినంతసేపు ఆగి, మనిషి దిగినా దిగకపోయినా, కింద పెరట్లోని రాట్నం తాడు చుట్టడం మొదలుపెడుతుంది.

కిటికీ అవతల కొండంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులోకి తాళ్ళు నిటారుగా పోయి ఎక్కడో మాయమవుతున్నాయి. వాటి చివర్లలో పాడిబుడగలు, బుడగల కింద పొదుగువలలు, వలల నడుమ చిన్న పీటల మీద కూచుని మబ్బుల్ని పితుకుతున్న మనుషులు ఉంటారు. కింది ఊళ్ళ బావులన్నీ ఉప్పెక్కిపోయాక ఈ కొండ మీద మబ్బుల పాడి పెట్టారు. ఇక్కడ పితికిన నీళ్ళే అన్ని ఊళ్ళకీ గొంతు తడుపుతున్నాయి.

తూకం ఎక్కడో దూరదేశంలో తయారైన యంత్రం. అక్కడివాళ్ళు కొంచెం ఆగి వస్తాననడానికంతటికీ సూన్ అన్న మాటొక్కటే వాడతారు కాబట్టి, గడి కూడా ఒక్కటే పెట్టారు. సూన్ అంటే ఇప్పటికి దగ్గరగా, ముందు వైపున అని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఎంత దగ్గరగా అన్నది మాత్రం రాయలేదట. ఈ కొండ మీది పితుకరులేమో ఇదిగో అంటారు, ఇప్పుడే అంటారు, వచ్చేస్తన్నా అంటారు, కాసేపట్లో అంటారు. అన్నీ ఆ ఒక్క గడిలోకే పోవాలి. దానికి తలకెక్కక, మొదటి ఏడాది కొందరిని సగంలో లాగేసింది, కొందరిని పైనే మరిచిపోయింది. అప్పుడు ఎదురుచూడడం తెలిసిన చేతులు కావాలని, వంటిళ్ళలోంచి ఆడవాళ్ళను పిలిచి ఈ బల్లల ముందు కూచోబెట్టారు. తీగ మీద గీతలు కూడా వాళ్ళు చెప్పినట్టే గీశారు. పాలు పొంగడానికి పట్టేది పొంగు. పప్పు మెత్తబడడానికి పట్టేది ఉడుకు.

నూకరత్నం చదువు అయిదో తరగతితో ఆగింది. ఎదురుచూపులో మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె మనసు ఎప్పుడూ చెడ్డ వైపే ముందు పరిగెత్తుతుంది. గాలి వీస్తే తాడు తెగుతుందనుకుంటుంది, ఎండ కాస్తే బుడగ పగులుతుందనుకుంటుంది. పైనుంచి మాట వినబడకపోతే తెల్లకునుకు పట్టేసిందని వణుకుతుంది. నవ్వు వినబడినా, కునుక్కి ముందు అలాగే నవ్వుతారని మరీ వణుకుతుంది.

తెల్లకునుకు ఎలా ఉంటుందో ఆమె ఇంట్లోనే ఉంది. ఆమె పెనిమిటి అప్పన్న పైన ఎక్కువసేపు ఉండిపోయినవాడు. ప్రాణంతోనే దిగాడు, నవ్వుతూనే దిగాడు. కాని కాలం అతన్ని విడిచిపెట్టేసింది. పొద్దున్నే గంజి పెట్టి పిలిస్తే “ఇదిగో వస్తన్నా” అంటాడు. ఎండ నడినెత్తికి వచ్చి దిగిపోతుంది. గంజి మీద మూకుడు అలాగే ఉంటుంది. మళ్ళీ పిలిస్తే, ఇప్పుడే పిలిచినట్టు, అంతే ప్రేమగా “ఇదిగో వస్తన్నా” అంటాడు. అతని మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమెకి అంత భయం.

ఇప్పుడు కూతురు పైడితల్లి కూడా పితుకరే. వద్దంటే వినలేదు.

ఈ పొద్దున గుమ్మంలో నడుముపట్టీ బిగించుకుంటూ కూతురు మొహం ముడుచుకుని అంది: “అమా, నన్ను అందరూ సగంసంచీ అంటన్నారే. కాసేపట్లో దిగుతానని నేను చెప్పడం, అది నన్ను లాగేయడం. మిగతావోళ్ళకి కాస్తో కూస్తో ఆగుతాది. నా మీదేటి దానికంత కోపం?”

“దానికి కోపమేటే, యంత్రం గదా” అని నూకరత్నం జడ సవరించే నెపంతో కూతురి వెనక్కి వెళ్ళి నిలబడింది, మొహం కనబడకుండా.

సొంతమనిషి గొంతును తూచకూడదని పాడిలో కట్టడి ఉంది. తూర్పు తాడు పైడితల్లిది. దాని బూర పక్క బల్ల దాలమ్మది. కాని కొన్నేళ్ళ కిందట, పిల్ల పైకెళ్ళిన మొదటి రోజునే దాలమ్మ ఆ బూర తీసి నూకరత్నం ఒళ్ళో పెట్టింది. అప్పట్నుంచి అదే వాడుక. నూకరత్నం ఆ గొంతు వినగానే పూసను మొదటి గీత మీద, ఒక్క పొంగు దగ్గర పెట్టేసేది. పిల్ల సగం సంచితో దిగేది. దిగిందా, చాలు.

ఈ రోజు కాస్త పొద్దెక్కాక పాడి మేస్త్రీ చిన్నంనాయుడు తుండుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. మంచివాడే, కాని చెడ్డ కబురు తెచ్చినప్పుడు గోడతో మాట్లాడే అలవాటుంది.

“పిన్నీ, దాలమ్మత్తా, ఓ మాట. చెరువులు అడుగంటిపోనాయి. ఈ పూట ఒక్క సంచైనా నిండుగా దిగకపోతే, రేపట్నుంచి తాళ్ళు తీసేస్తారట.”

“తాళ్ళు తీసీసి నిచ్చెనేస్తారేటి?” అంది దాలమ్మ, నోట్లో చింతగింజ పక్కకి తోసి.

“నవ్వులాట కాదత్తా. తాడు లేకండా వదిలీస్తారు. మబ్బుతో పోయి, నిండినాక మబ్బుతోనే తిరిగొస్తారని పై అధికార్ల ఆలోచన. కుర్రకారు పేర్లు కూడా ఇచ్చీసినారు.”

నూకరత్నం చెవిబూర దించింది. “ఎవరెవరు బాబూ?”

చిన్నంనాయుడు గోడ వైపు తిరిగాడు. “అందరికంటే ముందు మీ పైడే ఇచ్చినాది పిన్నీ. సగంసంచీ అనిపించుకోవడం కంటే అదే నయమన్నాది.”

ఆమె కళ్ళ ముందు తాడు లేని బుడగ ఒకటి తెల్లగా, మెల్లగా, సముద్రం మీదికి పోతోంది. పీట మీద పిల్ల నవ్వుతోంది. ఇదిగో వస్తన్నానమ్మా అంటోంది. అలా అంటూనే ఉంది.

“అసలు సంచులెందుకు నిండటం లేదురా?” అంది దాలమ్మ. “మబ్బులేం తక్కువున్నాయా?”

“మబ్బులకేం లోటు లేదు. కాసేపే కురచైపోనాది అత్తా. మా చిన్నప్పుడు కాసేపంటే ఉడుకున్నర. మీ చేతుల్ని చూసి చూసి తూకం నేర్చేసుకున్నాది గదా, ఏటా కొంచెం కొంచెం కుదించుకొచ్చి ఇప్పుడు పొంగు దగ్గరికి తెచ్చీసినాది. ఎవరు కాసేపన్నా, అడక్కండానే పూసని దానంతటదే పొంగు వైపుకి జరిపేస్తంది. ఎవరి చేతిని చూసి నేర్చుకున్నాదో గాని...”

అతను ఎవరినీ చూడలేదు. అయినా నూకరత్నం తన వేలిగోటిని పైటచెంగులో దాచుకుంది. పిల్ల కోసం రోజూ కొంచెం వెనక్కి నెట్టిన పూస, అందరి పూసల్నీ వెనక్కి నెట్టేసింది. తన భయమే ఆ యంత్రంలోకి పోయి కూచుంది. అదే ఇన్ని ఊళ్ళ కడవల్ని సగం చేసింది. ఇప్పుడు తిరిగి తిరిగి తన పిల్ల తాడు దగ్గరికే వచ్చింది.

చిన్నంనాయుడు వెళ్ళిపోయాడు. దాలమ్మ గొంతు తగ్గించింది.

“మా అత్త చెప్పేది రత్నమ్మా. ఈ యంత్రం రాకముందు చేత్తోనే తాడు పట్టుకునేవోరంట. పైన సంచి నిండి పొర్లితే, ఆ నీళ్ళు తాడెంట కిందికి జారొచ్చేవంట. అవి తీసి కళ్ళకద్దుకునేవోరంట. నాను ఒక్కపాలీ చూడలేదు.”

“కాసేపని చెప్తే ఎంతసేపు ఆగేవోరు?”

“ఎంతసేపేటి? కాసేపంటే నువ్వక్కడే ఉండు, నేనొస్తానని. అంతే గదేటి.”

అప్పుడు తూర్పు తాడు బూర సన్నగా మోగింది. దాలమ్మ అలవాటుగా దాన్ని తీసి ఇటు చాపింది.

“కాసేపట్లో దిగుతాను” అంది పైడితల్లి గొంతు. దూరంగా, మెత్తగా, దూదిలోంచి వచ్చినట్టుంది. “ఇక్కడంతా పాలలా ఉన్నాది. మంచి మబ్బు.”

నూకరత్నం వేలు ఎత్తకముందే పూస దానంతటదే పొంగు మీదికి జరిగి నిలబడింది. తను నేర్పిన చోటే నిలబడింది. ఆమె దాన్ని ముందుకు లాగింది. అది వెనక్కి వచ్చింది. మళ్ళీ లాగింది. మళ్ళీ వచ్చింది, మారాం చేసే పిల్లలా.

‘ఎంతసేపు?’ అంది పలక.

పొంగు అంటే పిల్ల సగం సంచితో దిగుతుంది, రేపు తాడు లేకుండా పోతుంది. ఉడుకు అంటే ఈ రోజే తెల్లకునుకు పట్టొచ్చు. మంచి మబ్బు అంది. అప్పన్న కూడా ఆ రోజు అదే అన్నాడు. బూరలో పిల్ల ఏదో కూనిరాగం తీస్తోంది. అది సంతోషమో, కునుకో?

‘ఎంతసేపు?’

నూకరత్నం తీగ కొసను పట్టి వంచి, ముడి విప్పి, పూసను బయటికి లాగేసింది. అది అరచేతిలో వెచ్చగా, శనగగింజంత ఉంది.

“ఓలమ్మో, ఏటి చేసీసినావు!” అంది దాలమ్మ.

పూస లేని సూన్‌ను తూకం ఎన్నడూ చూడలేదు. గడి వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. పెరట్లో ఒక రాట్నం ఆగిపోయింది. దాని పక్కది కూడా ఆగింది. ఒకదాని వెంట ఒకటి రాట్నాలన్నీ ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోయాయి. తాళ్ళు మాత్రం మబ్బులో మెల్లగా ఊగుతున్నాయి.

“బూర నువ్వు పట్టుకో అక్కా. కిటికీ దగ్గరుండు” అని నూకరత్నం మెట్లు దిగి పరిగెత్తింది.

చిన్నంనాయుడు ఎదురొచ్చాడు. “పిన్నీ! రాట్నాలాగిపోనాయి! ఏటైనాది?”

“పూస తీసీసినాను బాబూ. నా పిల్ల తాడు నేనే పడతాను.”

“నా కొలువు పోతాది పిన్నీ!”

“నా పిల్ల పోతాది నాయనా.”

అతను గంటతాడు మీద చేయి వేశాడు. అది మోగిస్తే పై అధికారులు వస్తారు, తాళ్ళన్నిటినీ ఒక్కసారిగా కిందికి లాగిస్తారు. చేయి వేసి అలాగే ఉండిపోయాడు. ఆమె తూర్పు రాట్నం నుంచి తాడును విడిపించే పాత చేతిపిడిని రెండు చేతులతో ఎత్తలేక అవస్థ పడుతుంటే, గంటతాడు వదిలేసి వచ్చి, పిడి ఎత్తిపెట్టాడు.

తాడు ఆమె చేతుల్లోకి వచ్చింది.

ఇన్నేళ్ళుగా మాటలు విన్నదే గాని ఆమె తాడును ఎప్పుడూ తాకలేదు. అది బతికి ఉంది. పైనెక్కడో గాలి కదిలితే ఇక్కడ అరచేతిలో వణుకు పుట్టింది. చిన్నప్పుడు పైడి వంట చేస్తున్న తన చెంగు పట్టుకుని నిలబడేది, ఏమీ అడగకుండా, ఉన్నావా అన్నట్టు ఊరికే పట్టుకునేది. అలాగే ఉంది. ఆమె తాడును మెల్లగా ఒకసారి గుంజింది.

జవాబు లేదు.

మబ్బు పెరట్లోకి దిగింది. చిన్నంనాయుడు కనబడడం మానేశాడు, రాట్నం మాసిపోయింది. చేతులూ, తాడూ, తెలుపూ మిగిలాయి. ఎంతసేపయిందో ఆమెకి తెలియలేదు. పాలెన్నిసార్లు పొంగి ఉంటాయో, పప్పెంత మెత్తబడి ఉంటుందో ఒక్కసారీ తలపుకి రాలేదు. అప్పన్న ఇలాంటి చోటే ఉంటాడు కాబోలు, రోజంతా. ఇంత మెత్తని చోట కూచుని కూడా, పిలిచిన ప్రతిసారీ పలుకుతున్నాడా మనిషి.

తాడు బరువెక్కింది. నిద్రపోయిన ఒళ్ళు కూడా ఇలాగే బరువెక్కుతుంది. లాగెయ్యనా? చేతులు లాగడానికి సిద్ధమైపోయాయి. పాదాలు నేలకి తన్నిపట్టాయి.

అప్పుడు పైనుంచి తాడు చిన్నగా గుంజుకుంది. చెంగు లాగినట్టు.

నూకరత్నం చేతులు ఆపుకుంది. ఆపుకోవడం అంత కష్టమని ఆమెకి తెలియదు.

మణికట్టు మీద చల్లగా ఏదో తగిలింది. చూస్తే ఒక చుక్క. దాని వెనక ఇంకొకటి తాడు పేటల వెంట మెరుస్తూ జారి వస్తోంది. ఆ వెనక సన్నని ధారే వచ్చి మోచేతి దాకా తడిపేసింది.

“నాయుడు బాబూ” అంది ఆమె. “ఇటు చూడు.”

అతను మబ్బులోంచి వచ్చి చూశాడు. దోసిలి పట్టి, ముందు తాగాలో కళ్ళకద్దుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

కిటికీలోంచి దాలమ్మ కేక వినబడింది. “రత్నమ్మా! పిల్ల మాటాడతంది! ఇదిగో వస్తన్నాను, అమ్మతో చెప్పమంటంది!”

“ఎంతసేపట్లో?” అన్నాడు చిన్నంనాయుడు, అలవాటు పోక.

లోపల బల్లలన్నిటి మీదా పలకలు వెలిగి ఎంతసేపు, ఎంతసేపు అని అడుగుతూనే ఉన్నాయి. ఆ బల్లల ముందు ఇప్పుడెవరూ లేరు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగి పెరట్లోకి వచ్చి, తడిసిన ఆ తాడును చూసి, తమ తమ తాళ్ళ దగ్గరికి నడిచారు. చెవిబూరలు అలవాటైన చేతులు మొదటిసారి పైకి చాపారు.

నూకరత్నం తెలుపులోకి తలెత్తి చూస్తూ ఉంది. తాడు వదల్లేదు, లాగనూ లేదు.