ఆవపల్లిలో మూడు ఫ్లాపీలు

"మూడింటికి ఇక్కడ బీజాపూర్‌లో హియరింగ్. ఆలోగా ఫైళ్లు నా స్క్రీన్ మీద ఉండాలి," అన్నాడు ఫోన్లో చీఫ్ చక్రధరరావు. "లేకపోతే గుట్ట పోతుంది. దాని కింద నాలుగు ఊళ్లూ పోతాయి."

జీపులో ఏజెంట్ ఉమామహేశ్వరి మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. ఇప్పపువ్వు బేరగత్తె వేషంలో ఆ వాచీ ఒక్కటే అతకలేదు.

బాసగూడ దగ్గరి గుట్టలో ఉన్న అరుదైన లోహం మీద ఓ విదేశీ ముఠా కన్ను పడింది. తవ్వితే ఎవరికీ నష్టం లేదని దొంగ రిపోర్టు పెట్టింది. తవ్వితే కింది ఊళ్ల ఊటలన్నీ ఎండిపోతాయన్న అసలు సర్వే రిపోర్టు మూడు పాత ఫ్లాపీల్లో ఉంది. అవీ, వాటిని చదివే డ్రైవూ ఆవపల్లి జిరాక్స్ షాపు వెంకటనారాయణ దగ్గరే మిగిలాయి.

"నిన్న అడిగితే హిందీలో 'కాపీ కల్' అన్నాడు. కల్ అంటే రేపు, అంటే ఇవాళ చేస్తాడు. పక్కనుండి చేయించు. టెక్నికల్ వింగ్ నుంచి రీనా వస్తోంది," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

షాపు ముందు ఉమ కోడ్ చెప్పింది. "ఎండిన పువ్వుందా?"

"వానకి తడిసింది." వెంకటనారాయణ అటూ ఇటూ చూసి షట్టర్ సగం దించాడు. ఫ్లాపీలు అడిగితే బియ్యం డ్రమ్ములోంచి కవర్ తీశాడు. "తేమ తగలకుండ ఇందుల పెట్టిన. ఇప్పుడివి ఎందుకు మేడం?"

"మాటలొద్దు. టైం లేదు. కరెంట్ ఏది?"

"పొద్దున్నే పోయింది. జనరేటర్ చూస్త." ఆయన నసుగుతూ వెనక్కి వెళ్లాడు.

ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, మోచేతి దాకా గాజులతో రీనా కారు దిగి లోపలికొచ్చింది. ఐడీ కరెక్టుగానే ఉంది. "రిలాక్స్ ఉమా. ముందు బూజు చెక్ చేద్దాం," అంటూ ఒక్కో ఫ్లాపీని పసిపిల్లని నిమిరినట్టు నిమిరింది.

జనరేటర్ మోగింది. డ్రైవ్ కరకరలాడింది. స్క్రీన్ మీద ఒకటే ప్రశ్న: ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా? అంటే అందులో ఏమీ లేదన్నమాట. రెండోదానికీ అదే. మూడోదానికీ అదే. ఉమ ఫ్లాపీని బయటికి లాగింది. అప్పుడు చూసింది. టేబుల్ మీది గుండుసూదులు రీనా గాజుకి వేలాడుతున్నాయి.

"అయస్కాంతం," అంది ఉమ.

"లేటయింది, డార్లింగ్." రీనా షట్టర్ కింద నుంచి దూరబోయింది. గాజు టక్కున ఇనుప షట్టర్‌కి అతుక్కుంది. చెయ్యి లాక్కునేలోగా ఉమ బేడీ వేసింది.

డబుల్ ఏజెంట్ దొరికింది. ఫైళ్లే పోయాయి. మూడు కావడానికి ఎంతో సేపు లేదు. ఉమ నేల మీదే కూలబడింది. నాలుగు ఊళ్ల నీళ్లు తన కళ్ల ముందే పోయాయి. ఆమెకి ఏడుపొచ్చింది.

వెంకటనారాయణ డీజిల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా, ఏమైంది?"

"ఫ్లాపీలు చెరిగిపోయాయి."

"పోతే పోనియ్. కాపీ అయింది గద."

ఉమ తలెత్తింది. "ఎప్పుడు?"

"నిన్న ఫోన్ల సార్‌కి చెప్పిన గద, కాపీ కల్ అని."

"కల్ అంటే రేపు కదా?"

"హిందీల రేపూ కల్లే, నిన్నా కల్లే. నేను చెప్పింది అయిపోయిన కల్. ఆ గుట్ట కింద నా పొలం గూడ ఉంది మేడం. రేపటి దాక ఆగుతనా?" జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. గోడకి ఆనుకున్న రీనా మొదటిసారి కళ్లద్దాలు తీసి ఆయన వంక చూసింది.

సిగ్నల్ కోసం ఉమ ల్యాప్‌టాప్‌తో షాపు పైకప్పెక్కి ఫైళ్లు చీఫ్‌కి పంపింది. బీజాపూర్‌లో హియరింగ్ ఆఫీసర్ తవ్వకాల అనుమతి మీద సంతకానికి పెన్ను క్యాప్ తీశాడు. అంతలో చీఫ్ ప్రింటవుట్లతో లోపలికి దూసుకొచ్చాడు. పెన్నుకి మళ్లీ క్యాప్ పడింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ ఉమా. కేసు రిపోర్టు ఎప్పుడిస్తావ్?"

"కల్, సార్."

"అయిపోయిన కల్లా, రాబోయే కల్లా?" అడిగాడు చీఫ్.