చిన్నమావ అన్న మాట

మరిది కొండబాబు చెరుకు తోటకు బయలుదేరుతుంటే నూకరత్నం క్యారేజీ అందించింది. రోజూ ఉదయం చేసే పనే. మూడు రోజులుగా మాత్రం అతని కుడి అరచేతి వైపు చూడలేకపోతోంది. బొటనవేలి కింద పాత కత్తిగాటు మచ్చ ఉంది.

మూడు రోజుల క్రితం స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. పదహారేళ్ల క్రితం గొలుగొండ దగ్గర జీడితోటలో ఒక ఆడమనిషిని ఎవరో చంపారు. చంపినవాడి రక్తం అంటిన గుడ్డముక్కను పోలీసులు భద్రపరిచారు. నూకరత్నం కొడుకు ధర్మతేజ విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు సరదాకి డీఎన్‌ఏ పరీక్షలు చేసే ఒక కంపెనీకి గొట్టంలో ఉమ్మి పంపి, దూరపు చుట్టాలు తెలుస్తారని ఆ ఫలితాన్ని ఒక వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఆ రక్తానికీ ఈ ఉమ్మికీ పోలిక కలిసిందట. లెక్క ప్రకారం చంపినవాడు ధర్మతేజకు చిన్నాన్న అంత దగ్గరివాడు కావాలి.

ధర్మతేజకు ఉన్నది ఒక్కడే చిన్నాన్న, కొండబాబు. అతను సోమవారం వచ్చి, ఇష్టపూర్వకంగా రక్తం ఇవ్వాలని కాగితంలో రాసి ఉంది.

నూకరత్నం దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. భర్త జగదీశ్వరరావు పోయి పది నెలలైంది. పెళ్లి చేసుకోని కొండబాబే అప్పటినుంచి ఇంటిని నిలబెడుతున్నాడు. కానీ ఆ హత్య జరిగిన ఏడాది అతను ఆ తోటలోనే కాపలా ఉన్నాడు. ఆ వారమే చేయి తెగి ఇంటికి వచ్చాడు. పసుపు అద్ది కట్టు కట్టింది తనే. జీడికొమ్మలు నరుకుతుంటే కత్తి జారిందన్నాడు. అప్పుడు ఆమె ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి నోరు రావడం లేదు.

ఆ రోజే, శనివారం, ధర్మతేజ వచ్చాడు. కాగితం చదివి, ఎందుకు దాచావని అడిగాడు. ఆమె గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

"దాచావంటే నీకూ అనుమానం ఉన్నట్టే కదమ్మా?"

"నువ్వు ఊసిన ఉమ్మి మనింటి మీదే పడింది," అంది ఆమె తల తిప్పకుండా. "ఇంకేటి సెప్పమంటావు?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ లాయరు సూర్యప్రకాష్ గారి ఇంటికి వెళ్లారు. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. ఇష్టపూర్వకంగా అన్నారు కాబట్టి కాదనడం నేరం కాదని, అయితే పోలీసులు కోర్టుకు వెళ్లవచ్చని చెప్పాడు.

"నా కొడుకొక్కడూ ఒప్పుకుని ఉమ్మి పంపితే మేమంతా ఒప్పుకున్నట్టేనా సారూ?"

"దానికి జవాబు మన చట్టంలో ఇంకా సరిగ్గా రాయలేదమ్మా," అన్నాడాయన. "మీ మరిదిని అడిగారా?"

"సిన్నమావని ఎలాగ అడగను? నన్నెత్తుకుని పెంచినోడు."

ఆయన కళ్లజోడు తీశాడు. "మరిదిని మావ అంటారేంటమ్మా?"

"మా అమ్మకి తమ్ముడండి. ఈల్ల నాన్నా మా అమ్మ తమ్ముడే. మాది మేనరికం."

లాయరు ధర్మతేజ వైపు తిరిగాడు. వెబ్‌సైట్‌లో వంశవృక్షం నింపినప్పుడు, తల్లిదండ్రుల మధ్య రక్తసంబంధం ఉందా అన్నచోట ఏమి రాశావని అడిగాడు. ధర్మతేజ తలదించుకున్నాడు. లేదని రాశాడు. మేనరికం పిల్లాడని హాస్టల్లో ఏడిపించేవారట.

"కొండబాబు నీకు రెండు దారుల్లో చుట్టం. నాన్న తమ్ముడు, అమ్మకి మేనమామ. నిజంగా ఆయనే అయితే పోలిక మామూలు చిన్నాన్న కంటే ఎక్కువ రావాలి. నేను ల్యాబువాణ్ణి కాను. కానీ ఈ లెక్క తప్పు చెట్టు మీద కట్టింది."

లెక్క మళ్లీ కట్టమని, రక్తం తీసుకుంటే ఈ ఒక్క కేసుకే వాడి తర్వాత నాశనం చేయాలని ఆయన పోలీసులకు అర్జీ రాశాడు.

దారిలో నూకరత్నం ఒక్క మాటే అంది. "మీ నాన్న నాకు మేనమామని సెప్పుకోడానికి అంత సిగ్గయిందేట్రా?" ధర్మతేజ ఆమె చేతిలోని సంచి తీసుకున్నాడు.

మధ్యాహ్నం కొండబాబు కాళ్లు కడుక్కుని వచ్చాడు. ఆమె డబ్బాలోంచి కాగితం తీసి, బియ్యపు గింజలు దులిపి అతని ముందు పెట్టింది. అతను కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు.

"ఎన్నాళ్లయింది వచ్చి?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులూ బయపడతానే కూడెట్టినావా?" అతను అరచేయి చాపి చూసుకున్నాడు. "అడిగుంటే సెప్పీవోణ్ణి కదే, రత్నం."

ఆమె ఆ చేయి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. పది నెలల క్రితం భర్త పోయిననాడు కూడా అంతగా ఏడవలేదు. అతను చేయి లాక్కోలేదు. కాసేపటికి, ఆకలేస్తోంది వడ్డించమన్నాడు.

సోమవారం రక్తానికి బదులు ఆ అర్జీ స్టేషన్‌లో ఇచ్చారు. నెల తర్వాత లెక్క మారిందని కబురొచ్చింది. కొండబాబు కాదు. ఇంకా దూరపు చుట్టం, ఇదే కుటుంబంలోని మగమనిషి అయి ఉంటాడన్నారు. ధర్మతేజ తేలికపడి నవ్వాడు.

నూకరత్నం నవ్వలేకపోయింది. భర్త పెద్దకర్మనాడు వరసగా కూర్చున్న చుట్టాలు గుర్తొచ్చారు. అన్నం కలుపుతున్న ఆ చేతులన్నీ గుర్తొచ్చాయి. అందరికీ తనే వడ్డించింది.