తిరిగొచ్చిన డీజిల్ మిషన్

అబ్దుల్ హమీద్ కుర్చీలో కూర్చున్నాక కూడా ఒళ్లోని గుడ్డ సంచిని వదల్లేదు. అచ్చంపేట నుంచి మొదటి బస్సు పట్టుకొని వచ్చాడు. నల్గొండ గడియారం సెంటరులో జిరాక్సు దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసు వెతుక్కునేసరికి ఎండ ముదిరింది. అరవై దాటిన మనిషి. డేవిడ్ ఇచ్చిన మంచినీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడు.

"నా దుకాణంల దొంగతనమైంది మేడం," అన్నాడు.

"ఏం పోయింది?" అడిగింది మల్లిక.

"ఏం పోలే."

రాసుకుంటున్న డేవిడ్ తలెత్తాడు. మల్లిక మాత్రం కుర్చీని ముందుకు జరుపుకుంది. ఆమె పన్నెండేళ్లు బీమా కంపెనీలో పనిచేసింది. కాలిన మిల్లులూ బోల్తాపడ్డ లారీలూ చూసి ఏది నిజమో తేల్చడం అప్పటి ఉద్యోగం. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. ఏ మాటకు ఆమె అలా ముందుకు వంగుతుందో డేవిడ్‌కు నాలుగేళ్లుగా తెలుసు.

హమీద్ వెల్లడించిన సంగతి ఇది. మూతపడ్డ మిల్లులూ ఫ్యాక్టరీలూ తిరిగి పాత వెల్డింగ్ మిషన్లు కొని, బాగుచేసి కిరాయికి ఇవ్వడం అతని వృత్తి. షెడ్డులో ముప్పైదాకా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పాతది రెండు చక్రాల బండి మీద ఉండే డీజిల్ మిషన్. పోయిన ఆదివారం అతను పెళ్లికి మహబూబ్‌నగర్ వెళ్లి వచ్చేసరికి అది లేదు. వేసిన తాళం వేసినట్టే ఉంది. రెండో తాళంచెవి కాపలాదారు బక్కయ్య దగ్గరే ఉంటుంది. సోమవారం పొద్దున బక్కయ్య ఇంటిముందు నిలబడి దొంగవు నువ్వేనని పనిలోంచి తీసేశాడు. మంగళవారమంతా కల్వకుర్తిలో పాత ఇనుప సామాను దుకాణాలు వెతికి సాయంత్రం తిరిగొస్తే, మిషన్ యథాస్థానంలో ఉంది. తాళం అప్పుడూ వేసే ఉంది.

"పోలీసోళ్లకు చెప్పిండ్రా?"

"దొరికింది గద, ఇంకేం కేసు అన్నరు. కానీ నాకు నిద్ర పడ్తలేదు. నా మిషన్‌తోని ఎవని షెట్టర్ తెరిసిండ్రో, ఏం కోసిండ్రో. రేపు పోలీసోళ్లు నా ఇంటికే వస్తరు గద. ఇంకో ముచ్చట మేడం. మూడేండ్ల సంది దాని మంట నిలుస్తలేకుండె. ఇప్పుడు మంచిగ నిలుస్తాంది. దొంగ రిపేర్ చేసి తెచ్చిపెడ్తడా?"

సంచిలోంచి వేలెడంత నల్లటి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మిషన్ లోపల తిరిగే చక్రానికి ఆనుకొని కరెంటును బయటికి తెచ్చే కార్బన్ బ్రష్షు అది. ఆ సైజువి ఎక్కడా దొరక్క హమీద్ ఆశ వదులుకున్నాడు. మిషన్ తిరిగొచ్చాక చూస్తే లోపల కొత్తవి ఉన్నాయి.

మల్లిక భూతద్దంలో చూసింది. "పెద్ద ముక్కను చేత్తో ఆకురాయి పట్టి గీ సైజుకు తెచ్చిండ్రు. మస్తు ఓపిక. డేవిడ్, దేవరకొండ మీదికెళ్లి అచ్చంపేటకు బస్సు ఎన్నింటికుంది?"

షెడ్డు ఊరి చివర ఉంది. లోపల మిషన్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. హమీద్ ఒక్కొక్కదాని మీద చెయ్యేసి అది ఏ మిల్లుదో, ఎందుకు ఆగిపోయిందో చెబుతుంటే మల్లిక శ్రద్ధగా విన్నది.

"అన్నిట్ల ఇదే ఎందుకు తీస్కపోయిండ్రు?"

హమీద్ మేనల్లుడు ఇద్రీస్ నవ్వాడు. ముప్పై ఏళ్ల భారీ మనిషి. "అదే సమజైతలేదు మేడం. రాగి కావాలంటే పక్కవాటిల్ల ఎక్కువుంది. ఇది ఉత్త ముసలి ఇనుము. అమ్మేద్దామంటె మామ వినడు."

"మిగిలినవి కరెంటు లేకుంటె నడుస్తయా?"

"నడవయి. ఇదొక్కటే డీజిల్‌తోని సొంతంగ కరెంటు చేసుకుంటది."

మల్లిక వంగి టైరు గాట్లలోంచి ఏదో గిల్లి తీసింది. ఇసుక, దానిలో అంటుకున్న ఒక ఇప్పపువ్వు. తర్వాత మిషన్‌కు తగిలించిన వెల్డింగ్ హెల్మెట్ తీసి లోపలి పట్టీని వేలితో తడిమి, ఇద్రీస్‌ను పెట్టుకొమ్మంది. అతని నెత్తికి అది సగం కూడా దిగలేదు. హమీద్‌కూ అంతే.

"మొన్నటిదాంక నాకు మంచిగనే పట్టేది," అన్నాడు హమీద్ అయోమయంగా.

వెనక గేటు దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. తాళాన్ని కాదు, గేటు తిరిగే బందులను చూసింది. వాటి చుట్టూ తుప్పు కొత్తగా రాలి లోపలి ఇనుము మెరుస్తోంది.

"గీ గేటు ఎవరు చేసిండ్రు?"

"గాలయ్య. ఇరవై ఏండ్లాయె. అసలు గీ మిషన్ మీద పని నేర్చుకున్నదే ఆయన, ప్రాజెక్టు కట్టేటప్పుడు. ఇప్పుడు కండ్లు పోయినయి పాపం, మనిషి ముఖమే ఆనదు. వాగు దిక్కు గూడెంల ఉంటడు. మనుమరాలు రూప ఐటీఐల వెల్డింగ్ చదివిందట, పని ఇయ్యమని వచ్చింది. ఆడపిల్లకు ఈడ ఏం పని అని పంపించిన."

బక్కయ్య ఇంట్లో అతని భార్య బాలనర్సమ్మ గుమ్మంలోనే నిలబడింది. దారి ఇవ్వలేదు. బక్కయ్య లోపలి నుంచే మాట్లాడాడు.

"ఆదివారం దీన్ని దవాఖానకు తోల్కపోయిన మేడం. పదింటికి పోయి రెండింటికి వచ్చిన. సాబ్‌కు చెప్పలే, అది నా తప్పు. వచ్చినంక వెనుక గేటు దిక్కు చూడలే, అది గూడ తప్పే. మిషన్‌ను మాత్రం ముట్టలే."

"పదిహేనేండ్లు ఆడ్నే చేసిండు," అంది బాలనర్సమ్మ. "నాలుగు రోజుల సంది బయటికి ఎల్తలేడు."

మర్నాడు మల్లిక, డేవిడ్ కిరాయి ఆటోలో అడవి అంచున వాగు వెంట తిరిగారు. వాగు ఎండి ఇసుక తేలి ఉంది. ఒకచోట ఇనుప కాలివంతెన కింద ఇసుకలో రెండు చక్రాల జాడ కనిపించింది. పక్కనే ఇప్పచెట్లు. మల్లిక వంగి, కాలగా మిగిలిన వెల్డింగ్ రాడ్ల మొనలను ఏరి రుమాలులో కట్టుకుంది. తర్వాత గూడెంలోకి వెళ్లి, రేపు షెడ్డుకు రమ్మని ఇద్దరికి చెప్పి వచ్చింది.

మరుసటి ఉదయం షెడ్డులో హమీద్, ఇద్రీస్, బక్కయ్య దంపతులు కూర్చున్నారు. గాలయ్య మనుమరాలి భుజం పట్టుకొని వచ్చి ఒక డబ్బా మీద కూర్చున్నాడు. రూపకు ఇరవై ఏళ్లుంటాయి. సన్నగా ఉంది.

"ముందుగాల తాళం సంగతి," అంది మల్లిక. "తాళం ఎవరూ తీయలే. గేటునే తీసిండ్రు. డేవిడ్, ఇద్రీస్, జర రెండు దిక్కుల పట్టి పైకి లేపుండ్రి."

ఇద్దరూ లేపితే గేటు బందుల నుంచి ఊడి చేతుల్లోకి వచ్చింది. తాళం దానికే వేలాడుతోంది.

"తాళంచెవి ఉన్నోనికి గింత కష్టమెందుకు? అందుకే బక్కయ్య కాదు. గేటు గిట్ల ఊడుతదని చేసినోనికే తెలుసు."

హమీద్ గాలయ్య వైపు చూశాడు.

"కరెంటు లేని జాగల పని పడ్డది కాబట్టే డీజిల్ మిషన్ కావాల్సొచ్చింది. ఇసుక, ఇప్పపువ్వు ఆ జాగ చూపించినయి. వంతెన కాలు ఒకటి పగిలుండె. దానికి కొత్తగ అతుకు పెట్టిండ్రు." మల్లిక రుమాలు విప్పింది. "హమీద్ సాబ్, గివి చూడుండ్రి."

హమీద్ ఒక మొన తీసుకున్నాడు. గోరంతే మిగిలి ఉంది. "రాడ్ గింతదాంక కాల్చేది గాలయ్య ఒక్కడే. మిగతా అందరు బెత్తెడు పారేస్తరు."

"కానీ ఆయనకు కండ్లు ఆనవు. బ్రష్షులు వేళ్లతోని తడుముకుంట అరగదీయొచ్చు, మంట పెట్టలేడు. అంటే ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లు పెట్టిండ్రు. హెల్మెట్ పట్టీ చివరి గాటుకు బిగించుంది. చిన్న తల." మల్లిక రూప వైపు తిరిగింది. "నువ్వే చెప్పమ్మా."

రూప లేచి నిలబడింది. "పోయిన వానలకు వంతెన కాలు పగిలింది చిచ్చా. సర్కారు ఆఫీసు చుట్టు ఎనిమిది సార్లు తిరిగినం. వాగు వస్తే దవాఖానకు గదే తొవ్వ. నీళ్లు లేనప్పుడే కిందికి పోయి అతుకు పెట్టొచ్చు. గూడెపోళ్ల ట్రాక్టర్‌కు కట్టి తెచ్చుకున్నం."

"అడిగితే నేను ఇయ్యకపోదునా?"

"అడిగిన. మూడుసార్లు. వంతెన అనంగనే నువ్వు నవ్వినవు."

హమీద్ చేతిలోని రాడ్ మొనను తిరిగి రుమాలులో పెట్టాడు.

"తప్పు నాది," అన్నాడు గాలయ్య. "కానీ బక్కయ్య మీదికి వస్తదనుకోలే. మూడు దినాలల్ల తెచ్చి పెడితె అయిపోతదనుకున్న. నిన్న గీ అమ్మ చెప్పేదాంక నాకు తెల్వదు."

ఆ మధ్యాహ్నమే హమీద్ వంతెన కిందికి దిగాడు. అతుకు మీద బొటనవేలు ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు. సుత్తితో కొట్టి చెవి ఆనించి విన్నాడు. మళ్లీ కొట్టాడు. రూప పక్కనే నిలబడి చూసింది.

"రెండో కాలుకు గూడ పట్టీ వెయ్యాలె," అన్నాడు చివరికి. "శుక్రవారం మిషన్ తీస్కపో. గేటు లేపకు, తాళం నేనే తీస్త."

తిరిగొస్తూ అతను బక్కయ్య ఇంటిముందు ఆటో ఆపించాడు. బాలనర్సమ్మ బయటికి వచ్చింది.

"రేపటి సంది పనికి రమ్మను చెల్లె," అన్నాడు మెల్లగా.

"దొంగ అన్నప్పుడు గింత మెల్లగ అనలే సాబ్. గల్లీ అంత ఇన్నది. గిది గూడ ఇననియ్యి."

నల్లా దగ్గర అయిదారుగురు ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. డేవిడ్ ఇబ్బందిగా ఆటోలోంచి దిగబోతే మల్లిక చెయ్యి పట్టి ఆపింది. హమీద్ టోపీ సర్దుకొని నల్లా దాకా నడిచాడు.

"బక్కయ్య దొంగ కాదు. నేనే తప్పు మాట అన్న."

బిందె నింపుకుంటున్న ఒక ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమన్నవు బిడ్డా?"

హమీద్ మళ్లీ చెప్పాడు, గల్లీ చివరిదాకా వినబడేలా. లోపల బక్కయ్య ఆరు రోజులుగా మూసిన కిటికీ తెరిచాడు.